చెయ్యెత్తితే కనపడేది

మరకలమ్మకు ఆ ఊళ్ళో సగం మంది చంకలు తెలుసు. మనుషులు తెలియరు. ముఖాలు అసలే తెలియవు. చంకలు తెలుసు.

డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో, కిటికీ అన్నది లేని చోట, రేకు పరిచిన బల్ల ముందు నిలబడి మరకలు తీయడం ఆమె పని. సిరా, గ్రీజు, కాఫీ, నెత్తురు, లిప్‌స్టిక్ అన్నీ వస్తాయి. అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది చంక కింద పసుపు. బ్యాంకు మేనేజరు చొక్కాలో అదే. పాటలు పాడే ఆవిడ పట్టు బ్లౌజులో అదే. అద్దాల మేడల్లో పనిచేసే కుర్రాళ్ళ కోట్లలోనూ అదే. కౌంటర్ దగ్గర మాత్రం ఎవ్వరూ చెమట అనరు. ఆ భాగం లోపలికి దోపి మడతపెట్టి, "ఎక్కడో కాస్త ఏదో అంటినట్టుంది, చూడండి" అంటారు. ఎక్కడో ఏమిటి, ఏదో ఏమిటి! అందరికీ ఒకే చోట, ఒకే రంగు.

షాపు యజమానురాలి బట్టలు కూడా వస్తాయి. ఆవిడను అందరూ మేడం అంటారు. ఊరందరి బట్టలకూ టోకెన్ ఉంటుంది, మేడం బట్టలకు ఉండదు. వేరే సంచిలో, మూతి ముడేసి వస్తాయి. ఆ సంచి గురించి షాపులో ఎవరూ నోరెత్తరు.

మరకలమ్మ అన్న పేరు ఇస్త్రీ చేసే బాబాయి పెట్టింది. "తల్లీ మరకలమ్మా, ఈ ప్యాంటు మీద కాస్త కరుణించు" అని ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచే విసిరేవాడు. "ముందు దణ్ణం పెట్టు బాబాయ్, తర్వాత చూస్తా" అనేది ఆమె. నవ్వుకునేవాళ్ళు. నవ్వితే దగ్గు వచ్చేది. ఆ గదిలో మరకలు తీసే మందుల ఘాటు అలాంటిది. గోడలకు పట్టింది, జుట్టుకు పట్టింది, చివరికి ముక్కునే తినేసింది.

ముక్కు పోయిందని ఆమెకు ఇంట్లో తెలిసింది. పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి జడ వేసుకుంటోంది. పాలు పొంగాయి, ఇంకిపోయాయి, గిన్నె మాడి నల్లబడింది. వీధిలోంచి వదిన పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. వదిన అంటే అన్న భార్య. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు.

"గిన్నె బొగ్గయిపోతుంటే పక్కనే నిలబడ్డావ్. నీకు ముక్కుందా లేదా?"

"ఉంది వదినా. ఊరికే ఉంది."

డాక్టరు దగ్గరికి వెళితే ఆయన మెలికలేం తిప్పలేదు. ఆ గది వదిలేస్తే వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, అక్కడే ఉంటే మాత్రం రాదు అన్నాడు. వదిలేసి ఎక్కడికి పోవాలో డాక్టర్లు చెప్పరు. అది వాళ్ళ సబ్జెక్టు కాదు.

అలాంటప్పుడు కౌంటర్ పిల్ల ఉద్యోగం మానేసింది. షాపు ముందు భాగంలో వీధి వైపు గాజు తలుపు ఉంది. ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, తలుపు తెరుచుకుంటూనే ఉంటుంది, తెరిచినప్పుడల్లా గాలి వస్తుంది. మరకలమ్మకు ఆ గాలి కావాలి. అంతే. ఏప్రాన్ విప్పకుండానే వెళ్ళి మేడంని అడిగింది.

"కౌంటరా? నువ్వా?" మేడం ఆమెను నెత్తి నుంచి కాలిదాకా చూసింది. "మాట బాగానే ఉంటుంది నీది. సరే, వచ్చే నెల మొదటి సోమవారం రోజంతా నిలబడు, చూద్దాం. కొత్త డ్రెస్సు వేసుకోవాలి మరి."

కొత్త డ్రెస్సు తెల్లది. దానికి చేతుల్లేవు. కౌంటర్ వెనక బట్టలన్నీ పైన కమ్మీకి వేలాడుతుంటాయి. టోకెన్ చూసి, కొక్కెం ఉన్న కర్ర పైకెత్తి హ్యాంగర్ దించాలి. అంటే ప్రతి మనిషి ముందూ చెయ్యెత్తాలి. మేడం అప్పుడే డ్రెస్సు తొడిగించి, కర్ర చేతికిచ్చి ఎత్తమంది. ఎత్తింది.

"ఇదేంటే, ఇంత నల్లగా ఉంది?"

"చర్మం మేడం."

"చర్మమని నాకు తెలీదా? చూసేవాళ్ళకి మురికిలా ఉంటుంది. మనది శుభ్రం చేసే షాపు. మనిషే మురికిగా కనిపిస్తే బట్టలెవరిస్తారు? ఆ లోపు ఏదన్నా చేసుకో."

ఏదన్నా చేసుకో! ముళ్ళకంపలాగా ఆ మాట ఆమెను పట్టుకుని వదల్లేదు. ఇన్నేళ్ళూ తన చంక తనకు గుర్తే లేదు. ఇప్పుడు అది తప్ప ఇంకేమీ గుర్తుండటం లేదు. బస్సులో పైకమ్మీ పట్టుకోవడం మానేసి, బ్రేకు పడినప్పుడల్లా పక్కవాళ్ళ మీద పడి తిట్లు తింది. దారిలో చేతుల్లేని బట్టలు వేసుకున్న ఆడవాళ్ళెవరు కనిపించినా కళ్ళు అక్కడికే పోతున్నాయి. ఒకావిడ పట్టేసి, "ఏంటి చూస్తున్నావ్?" అని మీదికొచ్చింది. పని మధ్యలో చెయ్యి మడిచి లోపలికి తొంగిచూసుకోవడం మొదలుపెట్టింది. బాబాయి చూసి, "కోడి రెక్క కింద పిల్లల్ని లెక్కేస్తున్నట్టుందే" అన్నాడు. ఆమె నవ్వలేదు.

వదిన బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది. సంగతి విని, చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి ఇచ్చింది. గ్లైకాలిక్ యాసిడ్.

"యాసిడా! తగలబెట్టడానికా?"

"అన్ని యాసిడ్లూ తగలబెట్టవే. పైన పేరుకున్న చచ్చిన చర్మాన్ని ఇది మెల్లగా వదిలిస్తుంది, రంగు కాస్త తగ్గుతుంది. ముందు కొంచెం చోట రాసి చూసుకో. పడితే వారానికి రెండు మూడుసార్లు, దూదితో పల్చగా. వెంట్రుకలు గీసుకున్న రోజు ముట్టుకోకు. మండితే కడిగెయ్. వారాలు పడుతుంది, నెలలు కూడా పట్టచ్చు."

"నెలలా! నాకు సోమవారానికి కావాలి వదినా."

"అయితే సోమవారాన్నే అడుగు, నన్నెందుకు అడుగుతావ్?" అని వదిన సీసా వెనక్కి తీసుకోబోయింది. మరకలమ్మ లాక్కుంది.

చెప్పినట్టే రాసింది, మొదట్లో. పల్చగా, దూదితో. కాస్త చిమచిమలాడేది, తగ్గిపోయేది. రాసిన ప్రతిసారీ వెంటనే అద్దం ముందుకు పోయేది. అద్దంలో తన చంక తను చూసుకోవాలంటే మెడ తిప్పాలి, నడుం వంచాలి, లైటుకు ఎదురుగా ఒంటికాలి మీద నిలబడాలి. అన్న బాత్రూం తలుపు బాది, "లోపలేమన్నా కాపురం పెట్టావా?" అని అరిచేవాడు. రంగు మారిందా? మారినట్టుంది. లేదు, లైటు మారింది. మళ్ళీ చూసింది. మారలేదు. రాత్రి నిద్రలో కూడా చెయ్యి పైకెత్తి పడుకునేది, ఎవరో చూడటానికి వస్తున్నట్టు.

రేపు సోమవారం అనగా, ఆదివారం మధ్యాహ్నం ఆమె ఓపిక చచ్చిపోయింది.

షాపుకు సెలవు. వదిన పార్లర్‌కి పోయింది, అన్న ఎటో పోయాడు. రేపు డ్రెస్సులోంచి వెంట్రుకలు కనపడకూడదని పొద్దున్నే గీసుకుంది. ఇప్పుడు సీసా తీసి ముందు పెట్టుకుంది. ఎంత మొండి మరకలు తీసింది తను! తుప్పు తీసింది. పాత నెత్తురు తీసింది. ఇంకో షాపువాళ్ళు చేతులెత్తేసిన పెళ్ళిగౌను మీది సిరా తీసింది. మొండిమరకను ఎలా తీయాలో ఆమె చేతులకు తెలుసు: మందు గట్టిగా పట్టించాలి, కుచ్చుబ్రష్షుతో అంచు నుంచి మధ్యకు రుద్దాలి, మళ్ళీ మందు, ఆరిపోకుండా మీద ప్లాస్టిక్ కాగితం కప్పి వదిలెయ్యాలి. తన ఒంటికి అదే చేసింది. రెండు వైపులా. ప్లాస్టిక్ జారకుండా చేతులు ఒంటికి బిగించి, మంచం అంచున బిగదీసుకుని కూర్చుంది.

మంట పుట్టింది. బల్లమీది గుడ్డకు మంట పుట్టదు. అందుకని ఆమె పనితనానికి మంట అంటే ఏమిటో తెలియదు. మంట పుట్టిందంటే మందు పట్టిందనుకుంది. లేచి గదంతా తిరిగింది. కూర్చుంది, లేచింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంది. మరక వదిలే ముందు అట్లాగే మొండికేస్తుందని నచ్చజెప్పుకుంది.

కానీ అది మరక కాదు. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేడం చెప్పలేదు, అద్దం చెప్పలేదు. తను పుట్టినప్పటి నుంచి తనతో ఉన్న తోలు అది. దాన్ని తోమితే కింద తెల్లగుడ్డ బయటపడదు.

ప్లాస్టిక్ ఎత్తేసరికి చర్మం ఎర్రగా, తడిగా, తొక్క వలిచిన పండులా ఉంది. కొన్ని చోట్ల సన్నగా నెత్తురు చెమర్చింది.

వదిన వచ్చి చూసి నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూనే కుళాయి కింద కూర్చోబెట్టి చల్లటి నీళ్ళు పోసింది, పోస్తూనే తిట్టింది.

"మంచి సీసా ఇచ్చావ్ వదినా, నిప్పులాంటి సీసా."

"నా సీసాని అన్నావంటే ఊరుకోను. మనిషిలా వాడమని ఇచ్చాను. నువ్వు బూటు పాలిష్ చేసినట్టు చేశావ్! గీసుకున్న చోట పోసి, రుద్ది, మూతేసి ఉడకబెట్టావ్. ఇప్పుడిది మానాక ఇంకా నల్లబడుతుంది తెలుసా?" వదిన ఉన్నట్టుండి ఆగింది. ఆమె చెయ్యి పక్కకు జరిపి వెలుతురులో చూసింది. "అసలు నీకిక్కడ ఇంత నలుపు ఎప్పుడొచ్చింది? మునుపు లేదే. ఆ గదిలో వేసుకుంటావే, రబ్బరు ఏప్రాన్, దాని పట్టీలు ఎక్కణ్ణుంచి పోతాయి?"

మరకలమ్మ చేత్తో చూపించబోయి ఆగిపోయింది. పట్టీలు చంకల కిందినుంచే పోతాయి. బిగుతుగా. సైజు చిన్నది, పెద్దది తెప్పించండి అని ఎప్పుడో అడిగింది, సర్దుకోమంది మేడం. సర్దుకుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, ఏళ్ళ తరబడి ఆ రబ్బరు ఒరుసుకుంటూనే ఉంది.

"రేపు పోకు" అంది వదిన.

"పోతా."

"చెయ్యెత్తలేవే."

"ఎత్తుతా. ఈ ఒక్కరోజు పోతే మళ్ళీ ఆ గదే."

సోమవారం పొద్దున తెల్ల డ్రెస్సు వేసుకుని కౌంటర్ వెనక నిలబడింది. మందు రాసి, మెత్తటి గుడ్డ పెట్టుకుంది గానీ గుడ్డ బయటికి కనిపిస్తోందని తీసేసింది. తలుపు తెరుచుకుంది. గాలి వచ్చింది. వాసన లేని గాలే, అయినా గుండెల నిండా పీల్చింది. మొదట్లో వచ్చినవాళ్ళు బట్టలు ఇచ్చేవాళ్ళే; మోచెయ్యి ఒంటికి అదిమిపెట్టి తీసుకుంది. తీసుకెళ్ళేవాళ్ళొస్తే కింది అరలోవి అయితే బావుండునని మొక్కుకుంది. మేడం కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది, పరీక్ష హాల్లో టీచరులాగా.

లాయరమ్మ వచ్చింది. షాపుకు పాత ఖాతాదారు. ఆవిడ నల్లకోటు పైకమ్మీకి, అన్నిటికన్నా చివర ఉంది.

"తొందరగా ఇవ్వమ్మా, కోర్టుకి టైమైపోతోంది."

కర్ర ఎత్తింది. సగం దాకా వచ్చేసరికి చర్మానికి అంటుకుపోయిన డ్రెస్సు అంచు పటుక్కున ఊడింది. పళ్ళు బిగించి ఇంకా ఎత్తింది. కొక్కెం హ్యాంగర్‌కి తగిలింది. కోటు బరువు చేతి మీద పడింది. చంక కిందినుంచి ఏదో వెచ్చగా దిగింది. కోటు కౌంటర్ మీద పెట్టేసరికి తెల్ల డ్రెస్సు పక్కన ఎర్రగా, పసుపుగా అరచెయ్యంత మరక.

"అయ్యో, ఏమైందమ్మా ఇక్కడ?" అంది లాయరమ్మ.

మేడం లేచింది. గొంతు తగ్గించింది గానీ అందరికీ వినపడింది. "లోపలికి పో. ముందు పో. నీకు లోపలి పనే నయం. ఆ డ్రెస్సు మీది మరక తీసి ఆరెయ్, రేపు వేరే పిల్లని చూస్తాను."

అయిపోయింది. అంత కష్టపడి మళ్ళీ ఆ తలుపులోంచి ఆ గదిలోకే.

డ్రెస్సు విప్పి, పాత చొక్కా వేసుకుని కుళాయి తిప్పింది. నెత్తురు మరకకు చన్నీళ్ళు, సబ్బు, వేడి తగలకూడదు. చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి. మరక మెల్లగా పలచబడుతోంది. పక్కనే, ఇస్త్రీ అయి వచ్చిన మేడం సంచి ఉంది. అందులో రెండు బ్లౌజులు. శనివారం వాటి చంకల్లో పసుపు తీసింది ఆమే. బాగా మొండిది.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"బాబాయ్, ఈ ఊళ్ళో శుభ్రంగా ఉన్న చంక ఒక్కటి చూపించు."

"నన్నడుగుతావేంటే. నాది నేనే చూసుకోను, భయం."

"అందరివీ నేను తీశాను. ఒక్కరిని ఒక్క మాట అన్లేదు. నన్ను మాత్రం మురికన్నారు."

బాబాయి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. నవ్వే మొహం కాదు అది. "ఏం చేస్తావ్ మరి?"

ఎవరూ వచ్చి తీసుకోని బట్టల అర ఒకటి ఉంది. అందులోంచి ఎవరో భారీ మనిషి ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన తెల్ల చొక్కా లాగింది. కత్తెర తీసి రెండు చేతులూ కోసేసింది.

"అమ్మాయ్! అది షాపు సొత్తు. ఉద్యోగం పోతుందే."

"ముక్కు పోయింది. తోలు పోయింది. ఇది కూడా పోతే పోనీ బాబాయ్, మూడూ ఒకచోట వెతుక్కుంటా."

గుండీలూ చిరుగులూ కుట్టే మిషను ముందు కూర్చుని, తెల్ల డ్రెస్సుకు ఆ చేతులు తగిలించింది. వంకరటింకర కుట్టు. చేతులు సంచుల్లా వేలాడుతున్నాయి; చర్మానికి ఎక్కడా తగలవు. బాబాయి గొణుక్కుంటూనే డ్రెస్సు లాక్కుని, తడి ఆరేదాకా ఆవిరి పట్టాడు. మరక పూర్తిగా పోనేలేదు. వేడికి అది ఇక గుడ్డలో నిలిచిపోతుందని ఇద్దరికీ తెలుసు. ఉంటే ఉండనీ అంది మరకలమ్మ. ఈసారి చంకల్లో మెత్తటి గుడ్డ పెట్టుకుని, డ్రెస్సు తొడుక్కుంది. మేడం సంచి చేత పట్టుకుని ముందుకు వెళ్ళింది.

కౌంటర్ దగ్గర గోలగోలగా ఉంది. జనం గాజుతలుపు దాకా నిలబడ్డారు. మేడం పొట్టి మనిషి. కొక్కెం అందక కర్రతో గాల్లో పొడుస్తోంది. ఎవరిదో ప్యాంటు కింద పడి ఉంది. లాయరమ్మ కేసు వాయిదా పడిందట, కోటు చేతిమీద వేసుకుని, ఇందాక తొందరలో వదిలేసిన చిల్లర కోసం మళ్ళీ వచ్చి నిలబడి ఉంది. మరకలమ్మ మేడం చేతిలోంచి కర్ర తీసుకుంది. మొదటి మనిషి టోకెన్ చూసి, హ్యాంగర్ దించి, బట్టలు ఇచ్చేసింది. మండింది. రెండో మనిషివి దించింది.

మేడం అప్పటికి తేరుకుంది. "ఏంటీ వేషం? ఎవరు కుట్టమన్నారు ఆ చేతులు?"

"నేనే కుట్టుకున్నా."

"నిన్ను లోపలికి పొమ్మన్నాను."

"రోజంతా నిలబడమన్నారు మేడం. రోజు ఇంకా ఉంది."

"అందరి ముందూ నాతో అనిపించుకోకు."

"అందరి ముందే అనండి. నేను మురికిగా కనిపిస్తానని అనండి. మీరిచ్చిన ఏప్రాన్ ఒరుసుకుని ఇది నల్లబడిందని నేనూ అంటా." మరకలమ్మ సంచిని కౌంటర్ మీద పెట్టింది. "ఇదిగోండి, మీవి రెండు బ్లౌజులు. చంకల్లో పసుపు మొత్తం పోయింది. ఇక్కడే విప్పి చూసుకుంటారా, లోపల చూసుకుంటారా?"

వరసలో ఒకాయన గోడకు చెయ్యి ఆనించి దర్జాగా నిలబడి ఉన్నాడు. ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. వెనక ఒకమ్మాయి రెండు మోచేతులూ ఒంటికి అదుముకుంది. మేడం మొహం మీద రంగులు మారాయి. అన్ని రంగులు ఏ సీసాతోనూ మారవు.

ముందుగా లాయరమ్మ నవ్వింది. "నా కోటు సంగతేంటమ్మా? దానిక్కూడా అక్కడే కదా. పోయిందా?"

"పోయింది లాయరమ్మా. మీది మహా మొండిది."

"అవును మరి, గంటలు గంటలు వాదించాలి దాంట్లో."

ఎవరో పకపకా నవ్వారు. చెయ్యి దించిన పెద్దమనిషి, "నా చొక్కా కూడా ఉందేమో చూడమ్మా, రెండు చంకలూ" అని టోకెన్ ముందుకు తోశాడు. మొదటిసారి ఒక మనిషి ఆ షాపులో ఆ మాట నోటితో అన్నాడు. వరస కదిలింది.

మేడం సంచి అందుకుంది. సరే అనలేదు, కాదనలేదు. "సాయంత్రం మాట్లాడదాం" అని సంచిని చంకలో ఇరికించుకుని లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం ఏం మాట్లాడుతుందో మరకలమ్మకు తెలుసు, తను ఏం మాట్లాడాలో కూడా తెలుసు. లోపల పెద్ద సైజు ఏప్రాన్ కావాలి, కిటికీ కావాలి, ఎందుకంటే రేపు ఆ బల్ల దగ్గర ఇంకెవరో ఒకరు నిలబడాలి. ఆమె అయితే నిలబడదు.

గాజు తలుపు తెరుచుకుంది. లోపలికొచ్చిన మనిషి భుజాలు దులుపుకుంటూ, "చినుకులు మొదలయ్యాయి, మట్టి వాసన చూశారా ఎలా గుప్పుమంటోందో!" అన్నాడు.

మరకలమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. ఏమీ రాలేదు. మళ్ళీ పీల్చింది. రాలేదు.

కళ్ళు తెరిచి చెయ్యి చాపింది. "టోకెన్ ఇవ్వండి" అంది.